గాలిమరకు ఇవతలా, అవతలా

కుందుర్పిలో మా స్టూడియో మిద్దె మీద నిలబడి, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఎవరి చేలో వాన పడుతోందో చెప్పగల మొనగాడిగా నేను సరిగ్గా పద్దెనిమిది రోజులు బతికాను. ఆ పద్దెనిమిది రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. పంతొమ్మిదో రోజు ఏం చేశానో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. అయితే ముందు మా ఇంట్లో ఉన్న రెండు కెమెరాల సంగతి చెప్పాలి. ఎందుకంటే ఊళ్ళో చాలామంది ఇప్పటికీ తప్పు కెమెరాదే అనుకుంటున్నారు. పాపం, దానికి నోరు లేదు.

నాది డీఎస్ఎల్ఆర్. కొని పదిహేనేళ్ళు దాటింది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి అంటించాను. మీట నొక్కితే లోపల అద్దం లేచి పడే చప్పుడు పెళ్ళి పందిట్లో మేళం మధ్యలో కూడా వినబడుతుంది. ఆ చప్పుడు వినగానే ముసలమ్మలు పైట సర్దుకుంటారు. దానికి లెన్సులు రెండు. ఒకటి కెమెరాతో పాటు వచ్చింది, ఇంకొకటి మనుషుల ముఖాలకని తర్వాత తెచ్చుకున్న యాభై ఎమ్మెమ్‌ది. ఆ రెండో దానికి జూమ్ అనేదే లేదు. ముఖం పెద్దగా కావాలంటే నువ్వే నడిచి దగ్గరికి పోవాలి. ఈ మండలంలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళకు నడిచి దగ్గరికి పోయానో లెక్కలేదు. అందుకు నాకు కొంచెం గర్వం ఉంది. మా ఆవిడ మాత్రం కొంచెం అనదు.

మా ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. పిల్లలకు చందమామ మీది గుంతలు చూపించాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. నా కెమెరాతో తీస్తే చందమామ జొన్నగింజంత వచ్చింది. ఆ గింజను కంప్యూటర్లో ఎంత పెద్దది చేసినా అది పేలాల గింజ అయింది తప్ప చందమామ కాలేదు. పోయిన వేసవి సెలవుల్లో ఆమె నాతో ఒక్క మాట కూడా అనకుండా కొత్త కెమెరా తెప్పించుకుంది. చిన్న కెమెరాలకూ నా లాంటి పెద్ద కెమెరాలకూ నడుమ వంతెన లాంటిది కాబట్టి దాన్ని బ్రిడ్జి కెమెరా అంటారట. లెన్సు ఊడదు, మార్చేది లేదు. కానీ అరవై రెట్లు దూరాన్ని లాగుతుంది. మీట తిప్పగానే లోపల్నుంచి లెన్సు తాబేలు మెడలా బయటికి వస్తుంది.

నేను దాన్ని చూసి బొమ్మ అన్నాను. బజారులో అమ్మే ప్లాస్టిక్ తుపాకీ అన్నాను. నా కెమెరా లోపలి సెన్సారు తపాలా బిళ్ళంత ఉంటుందనీ, దీనిది చిటికెన వేలి గోరంత కూడా ఉండదనీ, ఆ గోరు మీద ఎంత వెలుగు పడుతుందో ఆలోచించుకోమనీ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె అంతా విని, మీ కెమెరాకు దూరదృష్టి లేదు, యజమాని పోలిక వచ్చింది అని కొత్తదాన్ని మెడలో వేసుకుని మిద్దెక్కింది. ఆ రాత్రి చందమామ దాని తెర నిండా వచ్చి కూర్చుంది. గుంతలన్నీ పొంగణాల పెనం మీది గుంతల్లా స్పష్టంగా ఉన్నాయి. నేను బాగుందని అనలేదు. రెండోసారి చూపించమని మాత్రం అడిగాను.

తర్వాత ఒక వారం మా ఇల్లు కుస్తీ పోటీల గరిడీ అయిపోయింది. పొద్దుగూకే వేళ పక్కింటి అవ్వను కూర్చోబెట్టి ఇద్దరం తీశాం. నా దాంట్లో అవ్వ ముడతల్లో దీపం వెలుగు ఒక్కొక్క గీత వెంట పారింది. ఆమె దాంట్లో అవ్వ ముఖం తడి గుడ్డతో తుడిచిన రంగులా అలుక్కుపోయింది. నేను ఎగిరి గంతేశాను. మర్నాడు గుట్ట మీద నెమలిని తీశాం. నా దాంట్లో గుట్ట ఉంది, నెమలి లేదు. ఆమె దాంట్లో నెమలి మెడ మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆమె గంతెయ్యలేదు, టీచరు కదా, బోర్డు మీద మార్కులు వేసినట్టు గాల్లో వేలితో ఒక గీత గీసింది. మిట్టమధ్యాహ్నం మళ్ళీ నేనే గెలిచాను. మా వైపు నేల ఎండకు ఉడుకుతుంది. అరవై రెట్లు లాగి చూస్తే దూరంలో ఉన్నదంతా పొయ్యి మీది ఎసరులా కదులుతుంది, గేదె కూడా నీళ్ళల్లో ఈదుతున్నట్టే ఉంటుంది. ఆ ఫోటో చూసి ఇద్దరం పడిపడి నవ్వాం. నీళ్ళు లేని చోట గేదెకు ఈత నేర్పిన ఘనత నీ కెమెరాదే అన్నాను.

అంతలో ఆరుద్ర కార్తె వచ్చింది.

మా నేల బల్లపరుపు. అడ్డం వచ్చే అడవులు లేవు, పెద్ద కొండలూ లేవు. ఆకాశం పళ్ళెం బోర్లించినట్టు ఉంటుంది. వాన పడితే అందరికీ పడదు. రెండు ఊళ్ళకు పడి మూడో ఊరిని వదిలేస్తుంది, ఒకే ఊళ్ళో తూర్పు చేలకు పడి పడమటి చేలను ఎండగడుతుంది. దూరాన మబ్బు కింద తెల్లటి తెర దిగినట్టు కనబడగానే జనం మిద్దెలెక్కి అది ఎవరిదని కొట్లాడుకుంటారు. ఈ కొట్లాటకు ఒక కారణం ఉంది. భూమి విత్తడానికి చాలినంత తడిస్తే దాన్ని పదును అంటాం. పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ రెండు మూడు రోజుల్లో అందరికీ విత్తే గొర్రు కట్టిన ట్రాక్టరు కావాలి. మా చుట్టుపక్కల అట్లాంటిది ఒకటే ఉంది. దాని యజమానిని అందరం భాయ్ అంటాం. ముందు ఎవరు పోయి చెబితే వాళ్ళ చేను ముందు. అందుకని వాన పడిన చోటికి ఫోన్ చేసి అడిగితే నిజం చెప్పేవాడు ఉండడు. పైన కుండపోతగా కురుస్తున్నా, ఏముందప్పా, నాలుగు చినుకులు రాలినాయి అంటాడు. ఆ అనేవాడు అప్పటికే భాయ్ ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉంటాడు.

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం ఉత్తరాన తెర దిగింది. మిద్దెల మీద జనం తలా ఒక ఊరి పేరు చెబుతున్నారు. నేను మా ఆవిడ చేతిలోంచి బొమ్మ కెమెరాను లాక్కుని జూమ్ చేశాను. రోడ్డు మలుపు దగ్గర గోనెపట్ట నెత్తిన వేసుకుని పరిగెడుతున్న మనిషి కనబడ్డాడు, ఆ పక్కన తడిసి నల్లబడిన చింతచెట్టు. ఆ చెట్టు ఎవరి చేను గట్టున ఉందో ఊరందరికీ తెలుసు. ఆ చేను ఆసామి పక్క మిద్దె మీదే ఉన్నాడు. నేను కేక వేయగానే లుంగీ ఎగగట్టుకుని భాయ్ ఇంటికి పరుగెత్తాడు. పొద్దున పోయి చూస్తే నిజంగానే పదును. ఊళ్ళో మొదటి విత్తనం ఆయనదే పడింది.

ఇక చూడాలి నా వైభవం. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. నాలుగు గంటలయ్యేసరికి స్టూడియో మూసి మిద్దెక్కేవాణ్ణి. పాస్‌పోర్టు ఫోటోకని వచ్చినవాళ్ళు కూడా నా వెంట మిద్దెక్కేవాళ్ళు. ఒకరు టీ తెచ్చేవారు, ఒకరు కుర్చీ. ఇంకో రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ నిజమైంది. మా ఆవిడ తన కెమెరాను తాను ముట్టుకోవాలంటే నన్ను అడగాల్సి వచ్చింది. మొన్నటిదాకా బొమ్మ అన్నారు అని ఆమె గుర్తు చేస్తే, బొమ్మను ఆడించేవాణ్ణి బట్టి ఉంటుంది అన్నాను. నా పాత కెమెరా కింద బీరువాలో పడుకుని ఉంది. దాన్ని తల్చుకుంటే కొంచెం సిగ్గుగా ఉండేది, కానీ సిగ్గుపడటానికి తీరిక లేదు.

మా అన్న మాత్రం ఎప్పుడూ మిద్దెక్కలేదు. అన్న మా వెనక వీధిలో ఉంటాడు. మాటలు పొదుపు. ఆయన చేను మూడెకరాలు, కంబదూరు రోడ్డులో తొమ్మిది కిలోమీటర్ల దూరాన, గాలిమరల వరసలో ఎడమ నుంచి మూడోదాని కాళ్ళ దగ్గర. పోయిన ఏడు వేరుశెనగ చాలావరకు ఎండిపోయింది. ఒక్క వాలు పక్కన ఉన్న సాళ్ళు మాత్రం ఎట్లాగో నిలబడ్డాయి. ఆ సాళ్ళ కాయలో నుంచి మంచివి ఒక్కొక్కటీ చేత్తో ఏరి, నాలుగు మూటలు కట్టి ఈ ఏటి విత్తనానికని పెట్టుకున్నాడు. అంత ఎండకు తట్టుకున్న కాయ ఈ నేలకు సరిపోయిన కాయ అని ఆయన నమ్మకం. ఆ నాలుగు మూటలు తప్ప ఇంకో విత్తనం లేదు, అది చెడితే ఈ ఏడు చేను బీడు. కాయ కాయగా ఉన్నంతకాలం భయం లేదు, పొట్టు కవచంలా కాపాడుతుంది. పప్పు ఒలిచి మందు పట్టించామంటే మాత్రం కొద్దిరోజుల్లో నేలలో పడాల్సిందే. తినడానికి పనికిరాదు, దాచడానికీ పనికిరాదు. అందుకే మా వైపు రైతు వాన పడిందని చేత్తో తడిమి చూసుకోకుండా మూట విప్పడు.

పంతొమ్మిదో రోజు శనివారం. మా ఆవిడ ఏదో ట్రెయినింగ్ అని కల్యాణదుర్గం పోయింది. ఆమె ఇంట్లో ఉంటే ఈ కథే ఉండేది కాదు. నాలుగున్నరకు తూర్పున మబ్బు కాటుకలా పట్టింది. నా వెనక పడమటి ఎండ ఇంకా కాస్తూనే ఉంది. బ్రిడ్జి కెమెరా ఎత్తి ఎడమ నుంచి మూడో గాలిమరను పట్టుకుని లాగాను. గాలిమర తెల్లగా మెరిసిపోతోంది. దాని రెక్కల సందులో నుంచి, దాని చుట్టూ, తెర తెరలుగా వాన. అన్న చేను. వేరే ఎవరిదో కాదు, మా అన్న చేను! రోజూ వచ్చేవాళ్ళు ఇంకా రాలేదు, మిద్దె మీద ఒక్కణ్ణే ఉన్నా గట్టిగా అరిచాను. కెమెరా దించి చూస్తే తూర్పున ఈ కొస నుంచి ఆ కొసకు ఇంద్రధనుస్సు. అది బ్రిడ్జి కెమెరాలో పట్టలేదు, జూమ్ తగ్గించాలనే తెలివి ఆ క్షణాన నాకు లేదు. కిందికి ఉరికి బీరువాలోంచి నా పాతదాన్ని తీసుకొచ్చి, ఠక్కున ఒకే ఒక్కటి కొట్టి, వెనక వీధికి పరుగెత్తాను.

అన్న గొడ్ల కొట్టం ముందు కూర్చుని మోకు పేనుతున్నాడు. వాన పడిందని చెప్పాను. ఆయన చేతులు ఆగాయి.

"నువ్వు చూసినావా?"

"కండ్లారా చూసినానన్నా. గాలిమర సుట్టూ దిగినాది వాన."

లోపల్నుంచి వదిన వచ్చి, ఒకసారి బండి మీద పోయి చూసొస్తే మంచిది కదా అంది. ఎంత న్యాయమైన మాట. ఇంకా వెలుగు ఉంది, పోయి రావడానికి ముప్పావు గంట చాలు. కానీ నాకు కోపం వచ్చింది. ఊరందరూ నా మాట నమ్ముతున్నారు, సొంత ఇంట్లోవాళ్ళకు నమ్మకం లేదా, మీరు పోయి వచ్చేలోపల భాయ్ ట్రాక్టరును ఇంకొకరు పట్టుకుపోతే నన్ను అనొద్దు అని గొంతు పెంచాను. వదిన చిన్నబుచ్చుకుంది. అన్న నా ముఖం కేసి ఒక నిమిషం చూశాడు. ఆయనకు పోయి చూడాలనే ఉందని నాకు అప్పుడే తెలుసు. నా మాట తీసేసినట్టవుతుందని ఆగిపోయాడు.

"అయితే సాలు. వాడు చూసినాడంట. మూటలిప్పు" అన్నాడు వదినతో.

ఆ సాయంత్రం తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది, ఆ వెంటనే తల కూడా దిగిపోతుంది. విత్తనపు కాయను మిషన్లో వేస్తే పప్పు చిట్లుతుంది, అందుకని చేత్తోనే ఒలవాలి. అన్న చేను తడిసిందని తెలియగానే వీధి వీధంతా పళ్ళేలూ చాటలూ పట్టుకుని వచ్చి వాకిట్లో గుండ్రంగా కూర్చుంది. కాయలు పగులుతున్న చప్పుడు, పాటలు, ఎకసెక్కాలు. ఒకామె తన మొగుడి తల కూడా ఈ కాయ లాంటిదే, పైకి గట్టి, లోపల రెండు గింజలు అంటే మొగుడితో సహా అందరూ నవ్వారు. నేను పాత కెమెరాకు యాభై లెన్సు తగిలించి మోకాళ్ళ మీద పాకుతూ వాళ్ళ చేతులకు దగ్గరగా పోయి ఫోటోలు తీశాను. వాకిట్లో ఒక్క బల్బు. ఆ వెలుగులో బ్రిడ్జి కెమెరా చేతులెత్తేసింది, నా ముసలిది మాత్రం ఒక్కొక్క పప్పు మీది ఎర్రటి పొర కూడా పట్టుకుంది. భోజనాల వేళకు నాలుగు మూటలూ ఒలిచేశారు. బొటనవేళ్ళు వాచిపోయినా ఎవరూ ఇంటికి పోవాలనుకోలేదు.

తెల్లారి పప్పుకు మందు పట్టించి, గోతాలకెత్తి, రాత్రే చెప్పిపెట్టిన భాయ్ ట్రాక్టరు వెంట బయలుదేరాం. అన్న బండి వెనక నేను, మెడలో రెండు కెమెరాలు, పెళ్ళికొడుకు మెడలో దండల్లా. మొదటి నాలుగు కిలోమీటర్లూ రోడ్డు పొడిగా ఉంది. వాన ముందుందిలే అన్నాను. ఆరో కిలోమీటరు దగ్గర కూడా అదే మాట అన్నాను, కొంచెం మెల్లగా. ఏడు దాటాక ట్రాక్టరు చక్రాల వెనక దుమ్ము లేవడం మొదలైంది. ఆ దుమ్ము నా నోట్లో పడింది.

అన్న చేలోకి దిగి, వంగి, నాలుగు వేళ్ళు నేలలోకి దూర్చాడు. తీస్తే వేళ్ళ నుంచి పొడి మన్ను జలజల రాలింది. గాలిమర పైన నిమ్మళంగా తిరుగుతోంది. అంతలో భాయ్ ఫోను మోగింది. వాన పడింది నిజమే, గాలిమరల వరసకు అవతల, ఇంకో ఐదారు కిలోమీటర్ల దూరాన, వంకలు పారేటంత. వాళ్ళకు ట్రాక్టరు కావాలి. భాయ్ అన్న ముఖం చూడలేక అటు తిరిగి ఇంజను మొదలుపెట్టాడు. నాకు ఆ దుమ్ములోనే పూడిపోదామనిపించింది. అన్న చేతులు దులుపుకుని, ఎండెక్కుతోంది, పప్పును నీడకు చేర్చుకుందాం పద అన్నాడు. తిట్టి ఉంటే నాకు ఎంతో బాగుండేది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి సంగతంతా విని, రెండు ఫోటోలనూ కంప్యూటరు తెర మీద పక్కపక్కన పెట్టింది. ముందు తన కెమెరాది చూపించి ఏం కనబడుతోందని నన్నే అడిగింది. గాలిమర అన్నాను. ఎట్లా ఉంది? తెల్లగా, తళతళలాడుతూ, ఒక్కొక్క బోల్టు కనబడేటంత స్పష్టంగా. వాన దాని మీద పడుతుంటే అంత స్పష్టంగా ఎట్లా కనబడుతుంది అంది. వాన ముందుంటే గాలిమర మసకబారాలి. మసకబారలేదంటే వాన దాని వెనక ఉన్నట్టు. ఎంత వెనకో ఈ ఫోటో చెప్పదు, దూరాన్నంతా మడిచి ఒక దాని మీద ఒకటి పెట్టేసింది. తర్వాత నా పాతదానితో ఇంద్రధనుస్సు కోసం కొట్టిన ఒకే ఒక్క ఫోటో చూపించింది. అందులో గాలిమరలు అగ్గిపుల్లలంత ఉన్నాయి. వాటి కింద నేలంతా పసుపుపచ్చని ఎండ. మబ్బు నీడ ఆ వరసకు చాలా అవతల, ఇంకో రెండు మిట్టలు దాటాక మొదలవుతోంది. గాలిమర అంత తెల్లగా మెరిసింది ఎండలో ఉన్నందుకే.

ఇది నాకు తెలియని విద్య అయితే ఏడవనక్కర్లేదు. పదిహేనేళ్ళుగా పెళ్ళి ఆల్బముల్లో నేను చేస్తున్న గారడీ ఇదే. కెమెరాతో వచ్చిన లెన్సును ఎంత లాగగలిగితే అంతా లాగి, ఎక్కడో ఉన్న గుట్టను తెచ్చి పెళ్ళికూతురి భుజం మీద కూర్చోబెడతాను. అందరికీ ఆ గారడీ చేసి డబ్బా కొట్టుకునేవాణ్ణి, నా గారడీలో నేనే పడ్డాను. అన్న చేలో వాన పడాలని నాకు అంత ఆశగా ఉండింది. పడాలని కోరుకున్నదాన్ని పడిందని చూశాను. మా ఆవిడ నవ్వకుండా చాలాసేపు ఓర్చుకుంది. చివరికి, మీ గేదెకు ఈత రాలేదు లెండి, చేనుకు వాన కూడా రాలేదు అని నవ్వేసింది. నేను కూడా నవ్వాను, నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

రెండు ఫోటోలనూ అచ్చు వేసి తీసుకుపోయి అన్నకు చూపించాను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను, వదినను కసిరినందుకు ఆమె ఎదుటే క్షమించమన్నాను. అన్న, నా పాత కెమెరాతో తీసినదాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టాడు.

"మన చేను ఎండలో ఎంత బాగుండాదో సూడప్పా" అన్నాడు.

ఆ మాటకు వదిన నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇక రోజులు లెక్కపెట్టుకోవడం మొదలైంది. మందు పట్టిన పప్పు నడవలో గోతాల మీద పలచగా పరిచి ఉంది. ఇంట్లోకి ఎవరు వచ్చినా పక్కకు ఒదిగి నడుస్తున్నారు. వీధిలో నేను కనబడితే చాలు, ఈ రోజు యాడ కురుస్తాండాదప్పా వాన అని అడిగేవాళ్ళు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఒక పెద్దాయన నా వైపు చూడకుండా నాకే వినిపించేట్టు అన్నాడు. నేను మిద్దెక్కడం మానేశాను. నాలుగో రోజు అన్న పది గింజలు తీసి తడి గుడ్డలో చుట్టి పెట్టాడు. మూడు రోజుల తర్వాత గుడ్డ విప్పితే తొమ్మిదింటికి తెల్లటి మోసు వచ్చింది. అందరం ఆ గుడ్డ చుట్టూ చేరి పురిట్లో బిడ్డను చూసినట్టు చూశాం. నాకైతే ఆ తొమ్మిది మొలకల్నీ ముద్దు పెట్టుకోవాలనిపించింది. విత్తనం ఇంకా బతికే ఉంది. ఇంకో వారం ఆగితే తొమ్మిది ఆరు కావచ్చు, ఆరు మూడు కావచ్చు. అన్న రోజూ మధ్యాహ్నం బండెక్కి చేనికి పోయి, పొద్దుగూకాక వచ్చేవాడు. అక్కడ చేసే పనేమీ లేదు. నేను వెంట వస్తానంటే వద్దన్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం మళ్ళీ తూర్పున మబ్బు పట్టింది. మా ఆవిడే నన్ను చెయ్యి పట్టుకుని మిద్దెక్కించింది. చుట్టూ మిద్దెల మీద జనం ఉన్నారు, కానీ ఎవరూ నన్ను అడగలేదు. ఆమె తన కెమెరా కళ్ళకు పెట్టుకుంది, నేను నా పాతదాన్ని. తెర దిగింది. ఈసారి గాలిమర మసకగా ఉందని ఆమె అంది, నాకూ అట్లాగే అనిపించింది. ఒకసారి ముందుందనిపిస్తుంది, ఒకసారి వెనకుందనిపిస్తుంది. కెమెరా మార్చుకుని చూశాం, మళ్ళీ మార్చుకున్నాం. ఏమీ చెప్పలేమని ఇద్దరం ఒప్పుకున్నాం.

అప్పుడు ఫోను మోగింది. అన్న. చెవి దగ్గర పెట్టుకోగానే మాట కంటే ముందు హోరు వినబడింది, రేకుల మీద గులకరాళ్ళు కుమ్మరించినట్టు. నేను హలో హలో అని అరుస్తున్నాను. ఆయన గొంతు ఆ హోరులోంచి నింపాదిగా వచ్చింది.

"ఈడ వాన పడతాండాది. నువ్వేం సూడొద్దులేప్పా. నేను తడుస్తాండా."

ఇంకేమన్నాడో నాకు తెలియదు. మా ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది, నేను రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చాను. చెప్పులు వేసుకోలేదని భాయ్ ఇంటి సందులో ముల్లు గుచ్చుకున్నాక తెలిసింది. ముల్లు పీక్కోకుండానే కుంటుతూ పరుగెత్తాను. దారిలో ఎవరెవరో ఏమేమో అడుగుతున్నారు, నేను నవ్వుతున్నాను, బదులు చెప్పడానికి ఊపిరి లేదు.

భాయ్ వాకిట్లో మంచం మీద టీ తాగుతున్నాడు. నన్ను చూడగానే గ్లాసు కింద పెట్టి, అనుమానంగా అడిగాడు.

"ఎవరు చూసినారు? నువ్వేనా?"

"నేను సూడలేదు భాయ్. మా అన్న తడుస్తాండాడు, సేన్లో నిలబడి."

భాయ్ ఇంకో మాట అడగలేదు. తాళంచెవి తీసుకుని, ట్రాక్టరుకు గొర్రు తగిలించడానికి లేచాడు.